మండని ఎడమచెయ్యి

ఆ ఏడు మిరపకాయలో ఘాటు లేదు. ఈ మాట నేను కనబడిన ప్రతివాడితోనూ అన్నాను. విత్తనంలోనే మోసం ఉందన్నాను, మందులు కొట్టీ కొట్టీ కాయని చప్పన చేసేశారన్నాను, గుంటూరు మిర్చి పేరు చెప్పుకుని బతికే రోజులు పోయాయన్నాను. సత్తెనపల్లి దగ్గర మా పల్లెలో మిరపకాయని ఇలా అనడం, పెళ్లిపందిట్లో నిలబడి వంటవాణ్ణి తిట్టడం లాంటిది. ఎవరూ ఊరుకోలేదు.

“ఘాటు లేకపోతే నా చేతులెందుకు ఇట్లా భగభగలాడతన్నాయిరా?” అంది మా అమ్మ, రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చుని.

“నీవి సుకుమారం చేతులు,” అన్నాను. నాలుగు దశాబ్దాలుగా కూలికి వెళుతున్న మనిషిని అంతకుముందు ఎవరూ అలా అనలేదు. ఆవిడ నవ్వింది.

కౌలుకు చేసిన మా ఎకరం కాయ ఎండి కళ్లంలో రాశి పోసి ఉంది. చుట్టూ ఆడవాళ్లు కూర్చుని తొడిమలు తీస్తున్నారు. మధ్యలో నేను. నాది ఎడమచేతి వాటం, తుంచేదంతా ఆ చేత్తోనే. సాయంత్రానికి అందరూ చేతులు ఊదుకుంటూ, ఆముదం రాసుకుంటూ మూలుగుతుంటే నేను ఈల వేస్తూ ఇంటికి వెళ్లేవాణ్ణి. “మీ దానంగాడి చెయ్యి పెట్టి పుట్టిందే,” అని నా పేరెత్తి కళ్లంలో ఒకావిడ అమ్మతో అంది. మర్నాటి నుంచి కారం ఎక్కువున్న కాయ ఏరి నా ముందే పోశారు. ఒకరోజు ఆ చేత్తోనే కన్ను నులుముకున్నాను. కన్ను నిప్పు కణికైంది. నేను బి.ఏ.లో లాజిక్ చదివినవాణ్ణి కాబట్టి, నా కన్ను బలహీనమైందని తేల్చుకున్నాను.

ముంజేతి మీద వెలిసిపోయినట్టున్న మచ్చ ఒకటి ఉండేది. అది శోభి అని ఇంట్లో అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన విషయాన్ని ఎవరూ డాక్టరుకి చూపించరు.

నేనప్పుడు సెలవు మీద ఉన్నాను. మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ అసిస్టెంట్ ట్రైనింగు. దానికి పదో తరగతి చాలన్నారు. మిగతా చదువు దాచిపెట్టుకుని చేరాను. ఏడాది చివర సర్టిఫికెట్ పరీక్ష ఉంటుంది: థియరీ, వైవా, ప్రాక్టికల్. పాసైతే ఆ ఆసుపత్రిలోనే ఉద్యోగం. పాసవకపోతే నాకు బి.ఏ. ఉంది, అంటే ఏమీ లేదు.

సెలవు నుంచి వచ్చాక స్పాంజ్ బాత్ ప్రాక్టీసు పెట్టారు. బేసిన్‌లో నీళ్లు కలపాలి, వేడి సరిపోయిందో లేదో చూడాలి, పేషెంటు ఒళ్లు తుడవాలి. వేడి చూడ్డానికి థర్మామీటరు ఉంది, కాని దాన్ని అందరం బీరువాలో ఉండే వస్తువుగానే గౌరవించేవాళ్లం. నేను ఎడమచెయ్యి ముంచి, “సరిపోయాయి సిస్టర్ గారూ,” అన్నాను. మా ట్యూటర్ సిస్టర్ గారు అలవాటు కొద్దీ తనూ వేలు పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కున్నారు.

“ఇది స్పాంజ్ బాత్ అనుకుంటున్నావా, కోడి ఈకలు పీకడమనుకుంటున్నావా?”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నా చెయ్యి వంక చూస్తున్నారు. అది నీళ్లలోనే ఉంది. ఎర్రబడింది. తీయాలని నాకు తోచలేదు.

అదే ఆవరణలో చర్మరోగాల ఓ.పి.కి తీసుకెళ్లారు. డాక్టరు గారు పెద్దాయన, మాటలు పొదుపు. దూదిపింజ ఒకటి కొస సన్నగా నులిమి, “కళ్లు మూసుకో. తగిలిన చోట కుడిచేతి వేలు పెట్టి చూపించు,” అన్నారు. నేను కళ్లు మూసుకుని ఎదురుచూశాను. చాలాసేపయింది.

“మొదలుపెట్టలేదా సార్?”

“అయిపోయింది.”

పత్తి చేల మధ్య పుట్టినవాణ్ణి. నా జీవితంలో దూది అంతవరకూ తగలని చోటు లేదు.

మోచేయి వెనక వేలు పెట్టి నరం దొర్లించి చూశారు. “అల్నార్ నెర్వ్ థిక్ అయింది. మీడియన్ కూడా కొంచెం.” చెవి తమ్మె దగ్గర చిన్న గాటు పెట్టి స్మియర్ తీశారు, మచ్చ మీద బయాప్సీ తీశారు. రిపోర్టు వచ్చాక కూర్చోమన్నారు. ఆయన అంతకుముందు ఎవర్నీ కూర్చోమనడం నేను చూడలేదు.

“లెప్రసీ. బార్డర్‌లైన్ టైపు.”

చదువుకున్న ప్రతి పరీక్షలోనూ బార్డర్‌లైన్ మీదే పాసైనవాణ్ణి. రోగంలోనూ మాట తప్పలేదు.

“ఇప్పుడు దీనికి ఎమ్.డి.టి. అని మందుల కోర్సు వచ్చింది. క్యూర్ అవుతుంది. మందు మొదలుపెట్టిన కొన్నాళ్లకే నీ నుంచి ఎవరికీ అంటదు. లక్కీ నువ్వు.” ఆ గదిలో ఆ మాట విన్నవాళ్లెవరూ వెంటనే ఒప్పుకుని ఉండరు.

ఇంటికి వెళ్లి అమ్మకి చెప్పాను. మా వైపు దాన్ని పెద్దరోగం అంటారు, పేరు పెట్టి పిలవరు. నేను అమ్మ ఏడుపుకి సిద్ధపడి ఉన్నాను.

“పరీక్ష రాయనిస్తారంట్రా?” అంది.

అదే మాట సిస్టర్ గారిని అడిగాను. “డాక్టరు గారు సంతకం పెడితే రాయనిస్తాం. అంటదని పుస్తకంలో ఉంది,” అన్నారు. నేను వెళ్లబోతుంటే, “పేషెంట్లు పుస్తకం చదవరు. అది గుర్తుపెట్టుకో,” అన్నారు.

మందులు మొదలయ్యాయి. డాప్సోన్ రోజూ, క్లోఫాజిమిన్ రోజూ, నెలకోసారి వాళ్ల ఎదురుగా మింగాల్సిన రిఫాంపిసిన్. అది మింగిన రోజు మూత్రం మిరపపండు రంగులో వస్తుంది. క్లోఫాజిమిన్‌తో ఒళ్లు నల్లబడుతుందని ముందే హెచ్చరించారు. నా విషయంలో అదేమంత నష్టం కాదని డాక్టరు గారే ఒప్పుకున్నారు.

హాస్టల్లో నా పక్కమంచం ఏసోబుది. బాపట్ల వైపు కుర్రాడు, మంచివాడు. ఒకరోజు క్లాసు నుంచి వచ్చేసరికి మంచం కిటికీ పక్కకి చేరింది.

“గాలి రావట్లేదురా ఇక్కడ,” అన్నాడు.

“అవును, నాకూ రావట్లేదు,” అన్నాను.

అనాటమీ నోట్సు మాత్రం నా దగ్గరే తీసుకెళ్లేవాడు. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర అందరూ తాగే గిన్నె నా దగ్గరికి అందరికన్నా ఆఖర్న రావడం మొదలైంది. ఎవరూ చెప్పి చెయ్యలేదు, వరస దానంతటదే అలా కుదిరింది. అడుగున మిగిలిందంతా నాదే. ఆ విధంగా చూస్తే, సంఘంలో నా అంత ద్రాక్షరసం తాగినవాళ్లు లేరు.

థియరీ బాగా నడుస్తోంది. చెయ్యి అయితే బాగుపడకా చెడకా ఉన్నచోటే ఉంది. అంతకన్నా ఏమీ కోరుకోకూడదని నాకు తర్వాత తెలిసింది.

పరీక్షకి కొద్దిరోజుల ముందు మచ్చ ఎర్రగా ఉబ్బింది. మోచేయి దగ్గర నుంచి చిటికెనవేలి దాకా కరెంటు తీగ పెట్టినట్టు నొప్పి. ఇన్నాళ్లూ ఏమీ తెలియని చెయ్యి ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెడితే, బాగవుతోందేమోనని సంతోషించాను. డాక్టరు గారు చూసి, “రియాక్షన్. మందుతో చచ్చిన క్రిముల మీద నీ ఒళ్లే యుద్ధం చేస్తోంది,” అన్నారు. ప్రెడ్నిసలోన్ ఇచ్చి, చేతికి స్ప్లింట్ కట్టారు. స్టెరాయిడ్‌తో ముఖం గుండ్రంగా ఉబ్బింది. చూడ్డానికి వచ్చిన అమ్మ ఆసుపత్రి భోజనాన్ని మెచ్చుకుంది.

నొప్పి తగ్గింది. తగ్గాక చూస్తే చిటికెనవేలు, ఉంగరంవేలు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. చాపమంటే చాపవు.

“వస్తాయా సార్?”

“చూద్దాం.”

వార్డులో పనిచేసేవాళ్లకి ఆ మాటకి అర్థం తెలుసు. నాకు తెలియకుండా ఉంటే బావుండేది.

థియరీ రాయడానికి పెన్ను కుడిచేతికి మార్చుకున్నాను. నా అక్షరాలు ఒకటో తరగతికి వెళ్లిపోయాయి. జవాబులు మాత్రం పెద్ద తరగతివే రాశాను.

ప్రాక్టికల్‌కి బయటి నుంచి ఒక మేడమ్ గారు ఎగ్జామినర్‌గా వచ్చారు. నాకు వచ్చింది చీలమండకి ఎనిమిది అంకె ఆకారంలో రోలర్ బ్యాండేజీ. అది తేలిక, రెండు చేతులున్నవాళ్లకి. మొదటి చుట్టు వేశాను. రెండో చుట్టుకి రోల్ ఎడమచేతిలోకి తీసుకోవాలి. తీసుకున్నాననే అనుకున్నాను. అది కిందపడి, తోక విప్పుకుంటూ మంచం కిందికి వెళ్లిపోయింది. తీసి, కొత్తది అడిగి, మళ్లీ మొదలుపెట్టాను. అదీ అటే వెళ్లింది.

“ఆ చెయ్యి ఏమైంది?” అన్నారు మేడమ్ గారు.

“అల్నార్ పాల్సీ, మేడమ్. మోచేతి నరం చచ్చుబడింది.”

“కారణాలు చెప్పు.”

ఆవిడ వైవా మొదలుపెట్టారని నేననుకున్నాను. ఆవిడా అలాగే అనుకున్నారనుకుంటాను. మోచేయి విరగడం దగ్గర మొదలుపెట్టి కారణాలన్నీ వరసగా చెప్పాను, ఆఖరిది లెప్రసీ. లక్షణాలు, చికిత్స, నర్సింగ్ కేర్ కూడా చెప్పాను. స్పర్శ లేని చేతిని రోజూ కళ్లతో చూసుకోమని పేషెంటుకి నేర్పాలన్నాను. మంచం మీదున్న పేషెంటు కాలు నెమ్మదిగా దుప్పట్లోకి లాక్కున్నాడు.

వైవాలో నాకే ఫస్టు మార్కులు. ప్రాక్టికల్ ఫెయిల్. ఏసోబు పాసయ్యాడు, నా నోట్సుతో.

ఇంటికి వచ్చేశాను. మందులు మింగుతూ, గోరువెచ్చని మైనంలో చెయ్యి ముంచుతూ, నూనె రాసి వేళ్లు సాగదీస్తూ ఏడాది గడిపాను. వేళ్లు నా మాట వినలేదు. అమ్మ పాతచీరలు చింపి బ్యాండేజీలు చేసిచ్చింది. ముందు రోకలికి కట్టేవాణ్ణి. రోకలికి చీలమండ ఉండదు. అది చూసి అమ్మ మంచం మీద కూర్చుని కాలు చాపింది.

“కట్టు. ఊడిందంటే మళ్లీ కట్టు.”

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రోల్ బిగించి, అరచేతిని దానికి గోడలా పెట్టి, చెయ్యి బదులు కళ్లతో పట్టుకోవడం నేర్చుకున్నాను. కట్టిన కట్టు గట్టిగా ఉందో లేదో తేలాలని అమ్మ దాంతోనే పనికి వెళ్లేది. కొన్నాళ్లకి కళ్లంలో ఆవిడకి చోటు విడిగా ఇవ్వడం మొదలుపెట్టారు.

“కట్టు విప్పేసి చూపించొచ్చు కదమ్మా, ఏమీ లేదని?”

“ఎందుకు? ఇప్పుడు విశాలంగా కూర్చుంటన్నా,” అంది. ఆ తర్వాత ఆవిణ్ణి పనికి పిలవడమే తగ్గించారు. దాని మీద ఆవిడ జోకు వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు.

రెండోసారి రాశాను. వచ్చింది స్పాంజ్ బాత్. బీరువాలోంచి థర్మామీటరు తీయించి నీళ్ల వేడి చూశాను. ఈసారి వచ్చిన ఎగ్జామినర్ గారు, ఇన్ని సెంటర్లలో దాన్ని వాడినవాణ్ణి నిన్నే చూశానని మెచ్చుకున్నారు. కట్టు కూడా కట్టించారు. ఊడలేదు. పాసయ్యాను.

సర్టిఫికెట్ పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. స్మియర్ నెగెటివ్, మందులు ఆపేయొచ్చన్నారు. “నీకు రోగం లేదు,” అన్నారు. చెయ్యి చూపించాను. “అది రోగం కాదు. రోగం వదిలేసి వెళ్లింది. ఆపరేషన్ చేయిస్తే వేళ్లు తిన్నగా అవుతాయేమో, స్పర్శ మాత్రం రాదు. ఉన్నదాన్ని కాపాడుకో.”

ఉద్యోగం ఇచ్చారు, మాట తప్పలేదు. జనరల్ వార్డులో కొన్నాళ్లు చేశాను. నేను పల్స్ చూడబోతే పేషెంట్లకి ఒంటికి వెళ్లాల్సి వచ్చేది. ఒక ఇంటివాళ్లు తమ మనిషిని డిశ్చార్జి చేయించుకుని మరీ వెళ్లిపోయారు. సిస్టర్ గారు పిలిచి, ఆవరణ చివర లెప్రసీ వార్డులో వేస్తున్నానన్నారు. “అక్కడ నిన్నెవరూ ఏమీ అనరు,” అన్నారు. ఆవిడ మంచికే చెప్పారు.

ఇప్పుడు అక్కడే ఉన్నాను. కాళ్ల పుళ్లకి డ్రెస్సింగులు చేస్తాను. అన్నం వండుకునేటప్పుడు ఎడమచెయ్యి కాలిందో లేదో పొయ్యి ఆర్పాక చూసుకుంటాను. ఒక్కోసారి కాలి ఉంటుంది. అమ్మ ఊళ్లోనే ఉంది. కట్టు విప్పేసి చాలాకాలమైంది, పని మాత్రం తిరిగి రాలేదు.

ఇది చదివేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరికైనా అందరికీ మండే చోట మండకపోతే, మెచ్చుకోకండి. రెండు చేతుల మీదా, మచ్చ ఉంటే మచ్చ మీదా, కళ్లు మూయించి దూదితో తాకి చూడండి. తెలియలేదంటే ఆ వారమే ఆసుపత్రికి తీసుకెళ్లి మోచేతి నరం చూడమనండి. మందుకి రోగం లొంగుతుంది, పోయిన నరం లొంగదు.

పోయిన వారం అద్దంకి వైపు నుంచి ఒక ముసలాయన్ని మా వార్డులో చేర్చుకున్నాం. ఎప్పటి రోగమో, మందులేని కాలంలో వచ్చింది. రెండు చేతులకీ వేళ్లు లేవు. అరికాల్లో లోతైన పుండు. ట్రే పట్టుకెళ్లి ఆయన ముందు కూర్చున్నాను. కాలు తీసి ఒళ్లో పెట్టుకోబోతుంటే, ఆయన నా ఎడమచెయ్యి వంక కాసేపు చూశాడు.

“నీదీ నా బాపతేనా? అయితే నువ్వొద్దులే అబ్బాయ్,” అన్నాడు కాలు పక్కకి జరుపుకుని. “మంచి చేతులున్నోణ్ణి ఎవుర్నన్నా పంపించు.”