కోత దాకా పూచీ

మా బాపు మోటార్లు చుట్టేవాడు. ఈ మాట జడ్చర్లలో నాతో పనిచేసేవాళ్లకు చెబితే సగంమందికి అర్థం కాదు. బోరులో దింపిన మోటారు కాలిపోతే లోపలి రాగి తీగంతా లాగేసి కొత్త తీగ ఎక్కించాలి. గాడిలోంచి ఒక్కొక్క చుట్టే చేత్తో లాగుతూ, లెక్కపెడుతూ ఎక్కించాలి. లెక్క తప్పితే మోటారు మొరాయిస్తుంది. రామన్నపేటలో రోడ్డు పక్కన రేకుల షెడ్డులో కూర్చుని ముప్పై ఏళ్లు ఆయన చేసిన పని ఇదే.

లెక్క మధ్యలో ఆయన్ని పలకరించకూడదు. పలకరిస్తే అంకెతోనే జవాబు. "బాపూ, బువ్వకొస్తవా?" అంటే "ముప్పై ఒకటి" అనేవాడు. మెల్లగా అంటే వస్తున్నట్టు, గట్టిగా అంటే అవతలికి పొమ్మన్నట్టు. పదో తరగతిలో బడికంతా నేనే ఫస్టు వచ్చానని పరుగెత్తుకుపోయి అరిస్తే "నలభై నాలుగు" అని కళ్లు తుడుచుకున్నాడు. నాకు వచ్చిన మార్కులు నలభై నాలుగేనని అమ్మ ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

కష్టజీవి అని మన దగ్గర చచ్చిపోయిన ప్రతివాడినీ అంటారు. నాకు ఆ మాటంటే ఒళ్లు మంట. మా బాపుది చూపించుకునే కష్టం కాదు. తెల్లారకముందే షెడ్డు తీసేవాడు. ఎండాకాలం పెళ్లిళ్లకు పోవడం ఆయనకు తెలియదు. అమ్మ ఒక్కతే పోయి, రానందుకు ఆయన మీద నాలుగు తిట్లు మూటగట్టుకొని వచ్చేది. మేముండే మూడు గదుల్లో ఒక్కో గదీ ఒక్కో ఎండాకాలం లేచింది. నా ఎమ్మెస్సీ కూడా కాలిన మోటార్ల మీదే గట్టెక్కింది. కరువొస్తే ఊరంతా ఏడుస్తుంది, మా ఇంట్లో కుక్కరు కూత పెడుతుంది. ఈ సంగతి ఆయనకు సిగ్గుగా ఉండేదేమో, రైతు దగ్గర ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు.

ఆయనకో కట్టుబాటు ఉంది. రైతు మోటారు తీసుకొనిపోయేటప్పుడు కాగితం రాయడు, ముద్ర వేయడు. "కోత దాకా పూచీ నాది" అంటాడు. అంటే, ఆ పంట కోసేలోపు మోటారు తన పనిలో లోపంవల్ల కాలితే మళ్లీ ఊరికే చుట్టి ఇస్తాడు. కరెంటు తేడా వల్ల కాలితే ఆయన పూచీ లేదు. తప్పు ఎవరిదో చెప్పేది కూడా ఆయనే. ముప్పై ఏళ్లలో ఒక్క రైతూ ఆ తీర్పును కాదనలేదు. పక్క ఊళ్ల నుంచి కూడా మోటార్లు ఆయన దగ్గరికే రావడానికి కారణం అదే.

ఆయన ధీమా అంతా వేళ్లలో ఉండేది. తీగ మీద పల్చటి పూత ఉంటుంది. దాని మీద ఒక్క గీత పడినా నీళ్లలో దిగాక అక్కడే కాలుతుంది. తీగ లాగుతున్నంతసేపూ దాన్ని రెండు వేళ్ల మధ్య నుంచి పోనిచ్చేవాడు. "కంటికి కనవడని గీత ఏలుకు దొరుకుతది బిడ్డా" అనేవాడు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు పొలాలకు రోజంతా కరెంటు వచ్చింది. ఇక మోటార్లు కాలవు, దుకాణం మూసుకొమ్మని దోస్తులు ఆయన్ని ఆటపట్టించారు. కాలక ఎక్కడికి పోతాయి! ఆపకుండా నడిపితే బోరు అడుగున నీళ్లు అందక అప్పుడూ కాలాయి. నేను జడ్చర్లలో మందుల కంపెనీలో చేరాను. బాపుకు షుగర్ బయటపడింది. మాత్రలు వేసుకుంటున్నానని అమ్మకు చెప్పి, వాటిని షెడ్డులో డబ్బాలో దాచేవాడు.

ఒక యాసంగి పంట కాలంలో నాలుగు రోజుల సెలవు మీద ఇంటికొచ్చాను. షెడ్డుకు చాయ్ తీసుకొనిపోయాను. అప్పుడే పొయ్యి మీంచి దింపిన చాయ్, స్టీలు గ్లాసు. నేను కొంగుతో పట్టుకొని తెచ్చిన గ్లాసును ఆయన ఉత్త చేత్తో, వేళ్లన్నీ ఆనించి పట్టుకొని కూర్చున్నాడు. లాక్కుని చూస్తే వేళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఎన్నాళ్ల సంది, బాపూ?"

"మొన్న ఎండాకాలం సంది. మీ అమ్మకు చెప్పకు."

దవాఖానకు పోదామన్నాను. పోదాంలే అన్నాడు. వేళ్లకు తెలియకపోతే తీగ ఎట్లా చూస్తున్నావని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ మాట అడిగితే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుంది?

అంతలోనే ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. దిగినాయన మా బాపుకంటే పెద్దాయన, ఎకరన్నర రైతు, ఇరవై ఏళ్లుగా మా దగ్గరికే వచ్చే మనిషి. పది రోజుల కింద చుట్టించుకొనిపోయిన మోటారు మళ్లీ కాలిందని తెచ్చాడు. వరి పొట్ట మీదుంది, నీళ్లు ఆగకూడని అదను. బాపు మోటారు విప్పాడు. నేనూ వంగి చూశాను. నేను ఆ షెడ్డులోనే పెరిగినదాన్ని. కరెంటు తేడా అయితే తీగలు చుట్టలు చుట్టలుగా నల్లబడతాయి. ఇక్కడ మిగతాదంతా కొత్తగా మెరుస్తోంది, ఒకే ఒక్క చోట కాలింది. పూత మీద గీత. వేలికి దొరకని గీత.

బాపు తల ఎత్తలేదు. పెద్దాయన ఆయన్నే చూస్తున్నాడు. 

"లో వోల్టేజీ అయి ఉంటది పెద్దబాపూ" అన్నాను. "గీ మధ్య అన్ని దిక్కుల గట్లనే ఉంది."

బాపు నన్ను ఒక్కసారి చూశాడు. అవుననలేదు, కాదనలేదు. "తప్పు ఎవరిదైతేంది అన్నా, నేను ఊరికెనే చుట్టి ఇస్త" అన్నాడు. పెద్దాయన సరేనని మోటారు మా దగ్గరే వదిలిపోయాడు. నేను జడ్చర్ల బస్సెక్కాను. దారంతా ఏదో మంచి పని చేసినట్టే అనిపించింది.

వారం తిరక్కముందే అమ్మ ఫోను. "గా మోటరు మల్ల కాలిందట. మీ బాపు నిన్నటి సంది బువ్వ ముడతలేడు. నువ్వు రా."

నేను వచ్చేసరికి షెడ్డుకు తాళం ఉంది. రైల్వే స్టేషన్ దగ్గర ఇంకో షెడ్డు ఉంది, అందులో కూర్చునేవాడు కూడా మోటార్లు చుట్టేవాడే. ఆయన పనిని మా బాపు ఎన్నడూ మెచ్చుకోలేదు. "వాడు చుట్టుడు కాదు, కుక్కుడు" అనేవాడు. వెతుక్కుంటూ పోతే, బాపు ఇప్పుడు ఆ మనిషి ముందే కింద కూర్చుని, పెద్దాయన మోటారు ఆయనతో చుట్టిస్తూ, తీగ అందిస్తున్నాడు. ఆ మనిషి ఒక్క మాట ఎత్తిపొడవలేదు. ఆయన ఎత్తిపొడిచినా బాగుండేదని నాకు అనిపించింది.

మధ్యాహ్నానికి ట్రాలీలో మోటారు వేసుకొని పొలానికి పోయాం. నలుగురు కలిసి పైపులు బిగిస్తూ మోటారు దింపారు. నీళ్లు పడ్డాయి. కాని గట్టుకు ఆవల అరెకరం అప్పటికే తెల్లబారింది. గింజ పట్టాల్సిన వరి, చేత్తో నలిపితే పొట్టు రాలుతోంది. పెద్దాయన భార్య దాన్ని పశువులకు కోస్తోంది.

బాపు భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. పైపులు బిగించినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్లు పోయేదాకా ఆగుతాడనుకున్నాను. ఆగలేదు.

"అన్నా, రెండుసార్లు గూడ తప్పు నాదే. కరెంటుది గాదు. నా ఏళ్లకు సోయి లేదు. ఎరుకుండి గూడ చెప్పకపోతిని. ఇగ నేను మోటరు ముట్ట. గిప్పుడు చుట్టింది స్టేషన్ కాడాయన, ఫికర్ చెయ్యకు."

ఆ మాటతో ఆయన పని అయిపోయింది. సాయంత్రానికల్లా నాలుగు ఊళ్లకు తెలుస్తుందని ఆయనకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది, గర్వంగానూ ఉంది.

పెద్దాయన ఆ నీళ్లలో చేతులు కడుక్కుని లేచాడు.

"నాకు అనుమానమొచ్చింది తమ్మీ. నువ్వు చుట్టినంక మొదలు కాలినప్పుడే వచ్చింది. స్టేషన్ కాడికే తీస్కపోదామని ఎల్లిన. ఇన్నేండ్ల మనిషివి, ఒక్కసారి నిన్ను అడిగి పోదామని నీ కాడ ఆగిన." అప్పుడు నా వైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపమన్నదే లేదు. "సదువుకున్న బిడ్డ కరెంటన్నది. ఇగ అనుమానం ఎందుకని నీకే ఇచ్చిపోయిన."

బాపు గబుక్కున అడ్డం వచ్చాడు. "పొల్లకేం ఎరుక అన్నా! దానికి ఏం తెల్వదు."

పెద్దాయన నమ్మి తల ఊపాడు. నేను నోరు విప్పలేదు.

బాపు మళ్లీ మోటారు ముట్టలేదు. షెడ్డు కిరాయికి ఇచ్చి, రెండేళ్లు ఇంటిపట్టున ఉండి చనిపోయాడు. దినాలకు ఆ పెద్దాయన వచ్చాడు, నా తల మీద చెయ్యి పెట్టి "మీ బాపసొంటి మనిషి ఉండడు బిడ్డా" అన్నాడు. ఆనాడు కాలిన చోటు నాకూ కనబడిందని ఆయనకు నేను ఇప్పటికీ చెప్పలేదు.