నీళ్లు పోసి చూడని గిన్నె

తొమ్మిదేళ్లుగా ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నా పేరు అడగకండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే దమ్ము నాకు లేదు. ముందు ఆ సంగతే ఒప్పుకుంటున్నాను.

తిరుపతి దగ్గర ఒక షెడ్డులో కంప్యూటరు మీద డ్రాయింగులు గీసేవాణ్ణి. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు స్టీలు ట్యాంకులు, గిన్నెలు చేసి పంపేవాళ్లం. నేను గీసింది చూసి రేకు కోసి, వంచి, అతికేవాడు మునిరత్నం. వెల్డరు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నన్ను అప్పా అనే పిలిచేవాడు. అతనికొక పట్టింపు ఉండేది. ఏ గిన్నె అయినా లారీ ఎక్కే ముందు పది లీటర్ల బకెట్‌తో నీళ్లు పోసి, అంచు దాకా ఎన్ని బకెట్లు పట్టిందో చూడాల్సిందే. నేను ఆ షెడ్డుకు రాకముందు నుంచీ అదే పద్ధతి.

నేను చెప్పబోయే గిన్నెకు రెండు గోడలు. లోపలి గిన్నెలో గుజ్జు ఉడుకుతుంది, రెండు గోడల మధ్య సందులో ఆవిరి తిరుగుతుంది. ఇందులో ఎంత పడుతుందని కంప్యూటరును ఊరికే అడిగితే అది రేకు లెక్క చెబుతుంది. లోపలి ఖాళీ, ఆ బోలు సంగతి దానికి పట్టదు. పైన మూత గీసి, లోపలి బోలునంతా ఒక ముద్దగా నింపి, ఆ ముద్దను కొలవాలి. నేను తొందరలో బయటి గోడను హద్దుగా పెట్టి నింపాను. ఆవిరి సందు కూడా ముద్దలో కలిసిపోయింది. అంచు దాకా పన్నెండు వందల లీటర్లు అని వచ్చింది. వెయ్యి పోసుకోవచ్చు, మిగిలిన చోటు పొంగడానికి అని గిన్నె మీద రేకు బిళ్ల కొట్టించాను.

మునిరత్నం బకెట్ పట్టుకొచ్చాడు. లారీ బయట నిలబడి ఉంది. కంప్యూటరు చెప్పాక ఇంకా బకెట్లతో పనేంటన్నా అని నవ్వాను. అందరి ముందూ నవ్వాను. అతను బకెట్ పక్కన పెట్టేశాడు.

గిన్నె ఫ్యాక్టరీలో దిగిన రెండో రోజు వెయ్యి లీటర్ల గుజ్జు పోశారు. అంచుకు మరీ దగ్గరగా ఉండాదే అని గిన్నె దగ్గరి మనిషి గురవయ్య అన్నాడట. బిళ్ల మీద రాసి ఉంది కదా అని ఆవిరి తిప్పారట. గుజ్జు పొంగి అతని మెడ మీద, రొమ్ము మీద పడింది. ఉడుకు గుజ్జు నీళ్లలా జారిపోదు. అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. చొక్కా లాగితే తోలు ఊడి వచ్చిందని విన్నాను. మూడో రోజు చనిపోయాడు.

ఓనరు డ్రాయింగు అడిగాడు. తీసి చూశాను. తప్పు కళ్లెదుటే ఉంది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పానా? డ్రాయింగులో రెండు గోడలనూ నాలుగు వేళ్లు వెడల్పు చేశాను. మళ్లీ నింపి కొలిచాను. ఈసారి పద్ధతిగా కొలిచాను, చూశారా నా నీతి! సరిగ్గా పన్నెండు వందలు వచ్చేదాకా జరిపాను. ఆ కాగితం ఓనరు చేతిలో పెట్టి, మునిరత్నం గిన్నె చిన్నగా అతికినట్టున్నాడు అన్నాను. మునిరత్నం దగ్గరున్న పాత కాగితాన్ని చించి జేబులో కుక్కుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం గురవయ్య మనుషులు రెండు ఆటోల్లో దిగారు. ఓనరు వేలు చూపించాడు. మునిరత్నాన్ని జుట్టు పట్టి ఈడ్చి రేకు కుప్ప మీదికి తోశారు. పొట్టలో తన్నారు. పెదవి పగిలింది, పన్ను ఊడి నేల మీద పడింది. అతను లేవబోతే చనిపోయినతని తమ్ముడు మా షెడ్డులోని పైపు ముక్కే అందుకున్నాడు. నేను ముందుకు దూకి మునిరత్నం కుడి మణికట్టు పట్టుకున్నాను. విడిపించడానికే పట్టుకున్నానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. పక్కనున్న బల్లకేసి అదిమి పట్టాను. నేను వాళ్ల వైపే ఉన్నానని వాళ్లకు కనబడాలి, అంతే నాకు కావాల్సింది. పైపు మూడుసార్లు పడింది. మొదటి దెబ్బకే ఎముక విరిగిన చప్పుడు నా అరచేతికి తెలిసింది. అయినా వదల్లేదు.

పుత్తూరులో ఎముకల వైద్యుల దగ్గర కట్టు కట్టించుకున్నాడు. చూడ్డానికి వెళ్లాను. ఎందుకు వెళ్లాను? జాలితోనా, అతనికి అనుమానం వచ్చిందేమో తెలుసుకోవడానికా? రెండోదే. నేను చెయ్యి పట్టుకోవడం విడిపించడానికే అనుకున్నాడు, పైగా ఎడమ చేత్తోనే దండం పెట్టాడు.

"నువ్వు సదువుకున్నోడివి, నిజం సెప్పప్పా. గిన్నె నేనే సిన్నగా కట్టినానా?"

"అవునన్నా. నాలుగు వేళ్లు తగ్గింది."

కట్టు కట్టిన చేతిని ఎడమ చేత్తో ఎత్తి చూపించాడు.

"అయితే ఆ మనిసిని సంపింది నేనే. నాకు పడిన దెబ్బలు సాలవులే అప్పా."

కొన్నాళ్లకు ఆ గిన్నె షెడ్డుకు తిరిగొచ్చింది. ఒక ఆదివారం ఎవరూ లేనప్పుడు అతని బకెట్‌తోనే నీళ్లు పోశాను. నూట నాలుగు బకెట్లకు అంచు నిండింది. ఇంకో బకెట్ పోస్తే నా కాళ్ల మీద పడింది. వెయ్యిన్నీ నలభై లీటర్లు. గంట పని. ఆ గంట ఆ రోజు అతనికి ఇచ్చి ఉంటే గురవయ్య బతికేవాడు.

మునిరత్నం చెయ్యి వంకరగానే అతుక్కుంది. వెల్డింగుకు పనికిరాదు. తిరుపతిలో ఒక లాడ్జి ముందు కాపలా కూర్చుంటున్నాడు. ఏడాదికోసారి గురవయ్య ఇంటికి వెళ్తాడట. లోపలికి రానివ్వరు. గడప బయట కాసేపు కూర్చుని లేచి వస్తాడట.

గిన్నె అతను నేను గీసినట్టే కట్టాడు. నూలు పోగంత తేడా లేదు. తప్పు కొలిచింది నేను, చెయ్యి అదిమింది నేను. ఆ గడప బయట కూర్చోవాల్సింది నేను. అతని ముందు ఈ మాట అనగలనో లేదో తెలియదు. ఇంతవరకు గోడకు కూడా చెప్పుకోలేదు. ఇవాళ మీకు చెప్పాను. గొంతులోంచి ఊపిరి కాస్త కిందికి దిగుతోంది.