మేస్త్రీకి నేను రాసిన మెమో

మొన్న ఆదివారం మా అల్లుడు గోపాలపట్నం నుంచి భోజనానికి వస్తూ చంకలో నిగనిగలాడే ఫైలొకటి పెట్టుకొచ్చాడు. కొత్తగా మేనేజరయ్యాడు కదా, వాళ్ళ కంపెనీ బీచి పక్క హోటల్లో రెండు రోజులు కూర్చోబెట్టి ఎమోషనల్ ఇంటెలిజెన్స్ నేర్పించిందట. అంటే ఎదుటివాడి మనసెరిగి మసలుకోవడమట, అది వంటబడితే నాయకత్వమూ, దాని వెనకే విజయమూ వాటంతటవే నడిచి వస్తాయట. ఇంతటి విద్యను రెండు రోజుల్లో, మధ్యలో బఫే భోజనాలతో సహా నేర్పే మహానుభావులు మన ఊళ్ళో తయారయ్యారని నాకు అంతవరకు తెలియదు.

పప్పు వడ్డిస్తుండగా అతనికి ఫోను వచ్చింది. అతని కింద పనిచేసే ఒకమ్మాయి, తల్లిని ఆస్పత్రిలో చేర్చారని రెండు రోజులు సెలవడుగుతోంది. మా అల్లుడు కళ్ళు సగం మూసి, గొంతులో తేనె కలిపి, "నీ బాధ నాకు పూర్తిగా అర్థమవుతోందమ్మా, నీ ఫీలింగ్స్‌ని నేను గౌరవిస్తున్నాను, కానీ ఈ వారం లీవు కుదరదు" అన్నాడు. ఫోను పెట్టేసి, ఇదివరకైతే కసిరేవాణ్ణి మావయ్యగారూ అంటూ మెప్పు కోసం నావైపు చూశాడు. మా అమ్మాయి గరిటె గిన్నెలో వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను మజ్జిగ పోసుకుని ఆ పూటకి భోజనం అయిందనిపించాను. కసిరేవాణ్ణి కనీసం తిట్టుకోవచ్చు, ఇలా దువ్వి దువ్వి మెడ మీద కత్తి పెట్టేవాణ్ణి ఏమనాలో ఆ పిల్లకి తోచి ఉండదు.

సైరను కూతకి లేచి, క్యారియరు తగిలించుకుని సైకిలెక్కిన నా ఈడువాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారు. నాకు మాత్రం ఆ హక్కు లేదు. నేనేం చేశానో చెబుతాను.

అప్పట్లో మల్కాపురం అవతల, రేవుకు పోయే ఇనుప దూలాలను లారీలకెత్తే ఒక యార్డులో నేను షిఫ్టు ఇంజనీరుని. కాలేజీ వదిలి మూడేళ్ళు కాలేదు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ప్రపంచంలో నాకు తెలియనిది లేదన్న నమ్మకం. నా కింద ఒక మేస్త్రీ ఉండేవాడు. ఏడో తరగతి దాటని మనిషి, నోట్లో ఎప్పుడూ చుట్ట ముక్క, యార్డు మొత్తం ఆయన్ని బావా అనే పిలిచేది. రోజూ పొద్దున్నే క్రేను కింద నిలబడి, పనిలోకి దిగే ఒక్కొక్కడి మొహంలోకీ తేరిపార చూసి, ఎవరినో ఒక మాట అడిగి, ఎవరి భుజం మీదో చెయ్యి వేసి పంపేవాడు. అదంతా కాలయాపన అని నా లెక్క.

ఒకనాడు పొద్దున్న రేవులో ఓడ సిద్ధంగా ఉంది, గేటు దాకా లారీలు బారులు తీరాయి, క్రేను మాత్రం కదలడం లేదు. వెళ్ళి చూస్తే, నిచ్చెన సగం ఎక్కిన ఆపరేటర్ని మేస్త్రీ కిందికి దింపి ఇసక బస్తా మీద కూర్చోబెట్టాడు. ఆ ఆపరేటరు ఒడ్డునుండే జాలరి కుటుంబం నుంచి వచ్చినవాడు, నలభై ఏళ్ళుంటాయి, పనిలో వంక పెట్టడానికి లేదు. ఏమిటిదని అరిచాను.

"ఈ పూట ఆడ్ని ఎక్కించకండి సార్. ఏటని నన్నడక్కండి, నాను సెప్పకూడదు. రేపు నానే దగ్గరుండి ఎక్కిత్తాను."

కారణం చెప్పకుండా పని ఆపడానికి ఇదేమైనా నీ కిళ్ళీ బడ్డీ అనుకున్నావా అని నలభై మంది ముందు అరిచాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయలేను. ఆయన తల వంచుకుని విన్నాడు గాని నిచ్చెన దగ్గర నుంచి అంగుళం జరగలేదు. వేరే ఆపరేటర్ని ఇంటి నుంచి పిలిపించి పని మొదలుపెట్టేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రం కూర్చుని, చేతిరాత బాగుందని మురిసిపోతూ, మేస్త్రీ మీద మెమో రాశాను. వారం తిరక్కుండా ఆయన్ని గోదాముకి మార్చేశారు. మా పెద్ద అధికారి నన్ను గదిలోకి పిలిచి, నీలో నాయకత్వ లక్షణాలున్నాయి అన్నాడు.

అసలు సంగతి పది రోజుల తర్వాత, గేటు ముందు టీ కొట్టు సాయిబుగారు గ్లాసు అందిస్తూ చెప్పారు. ఆ ఆపరేటరు తమ్ముడు సముద్రం మీద వేటకి వెళ్ళి ఆ పొద్దుటికి మూడు రోజులైందట, పడవ తిరిగి రాలేదు. ఇంట్లో తల్లి మొహం చూడలేక ఇతను డ్యూటీకి వచ్చేశాడు. మొహం చూసి మేస్త్రీ అడిగితే ఒప్పుకుని, ఇంకెవరికైనా చెబితే ఆ మాటే నిజమైపోతుందన్న భయంతో, చెప్పొద్దని మేస్త్రీ చేతులు పట్టుకున్నాడు. మనసు సముద్రం మీదున్న మనిషిని టన్నుల ఇనుము కింద మనుషులు తిరిగే చోట పైకెక్కించడం మేస్త్రీకి ఇష్టం లేకపోయింది. తమ్ముడు మరి రానేలేదు.

మెమో వెనక్కి తీసుకోవడానికి నాకు ఒక కాగితం, అయిదు నిమిషాలు చాలు. తీసుకోలేదు. నాయకత్వ లక్షణాలున్నాయన్న మాట అప్పటికింకా చెవిలో కమ్మగా మోగుతూనే ఉంది. ఆ ఏడే నాకు ప్రమోషను వచ్చింది. మేస్త్రీ గోదాములోనే రిటైరయ్యాడు.

చాలా ఏళ్ళకి, కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సు కోసం నిలబడి ఉంటే ఆయనే నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. ఆ వారం నా భార్యకి ఆపరేషను, ఆఫీసులో ఒక్కడికీ చెప్పలేదు నేను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "ఏటి బాబూ, ఇంట్లో ఎవులికి బాగునేదు?" అన్నాడు. క్షమించమని అడగాలని నోరు తెరిచాను, ఏడుపొచ్చేసింది. నా వీపు మీద చెయ్యి వేసి, బస్సు వచ్చేదాకా తన మోకాలి నొప్పి గురించీ మనవరాలి చదువు గురించీ చెబుతూ నిలబడ్డాడు. మెమో ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ తరవాత నాలుగు నెలలకి పోయాడని విన్నాను.

ఇప్పుడూ అప్పుడప్పుడు ఆ యార్డు ముందునుంచి బస్సులో వెళుతుంటాను. షిఫ్టు మారే వేళ మనుషులు ఫోన్లలోకి చూసుకుంటూ వస్తారు, గోడకున్న యంత్రానికి క్షణం పాటు మొహం చూపిస్తారు, గేటు తెరుచుకుంటుంది, లోపలికి పోతారు. వాళ్ళని పేరు పెట్టి పలకరించి ఆపేవాళ్ళెవరూ అక్కడ కనబడరు. కిటికీలోంచి ఆ మొహాలకేసి నేనూ పట్టి పట్టి చూస్తాను, నాకేమీ తెలియదు. ఆ విద్య తెలిసిన మనిషి రోజూ పొద్దున్న నా పక్కనే నిలబడ్డ ఆ కాలంలో, నేర్పమని అడగాలని నాకొక్కసారైనా తోచలేదు.