బోసి చేతులు

మా ఆయన వేరావల్ బోట్ల మీదకి వెళ్ళేవాడు. భావనపాడు మగాళ్ళు గుజరాత్ వెళ్ళడం కొత్తేమీ కాదు. వానలు తగ్గాక రైలెక్కితే మళ్ళీ ఎండలు ముదిరాక గాని ఇంటి మొహం చూడరు. ఈలోగా ఇల్లూ, పిల్లా, ఎండుచేపలూ, జ్వరాలూ అన్నీ ఆడవాళ్ళవే. సముద్రం మాత్రం, మావాళ్ళు గంగ అంటారు దాన్ని, మగాళ్ళది. అది మింగేస్తే ఏడ్చే పని మళ్ళీ మాదే.

మా మామని అలాగే మింగింది. దినంనాడు మా అత్తకి గాజులు పగలగొట్టారు. అప్పటికి ఆమెకి పాతికేళ్ళు కూడా లేవట. ఆ తరవాత చేపల గంప నెత్తికెత్తుకుని కొడుకుని పెంచింది. ఆమె అంటే నాకు గౌరవమే. కానీ ఆ గంప నా నెత్తిమీదకీ, నా తరవాత నా కూతురి నెత్తిమీదకీ రావడం నాకు ఇష్టం లేదు. సముద్రం మీద మొగుణ్ణి పెట్టుకున్న ఆడదానికి సొంత జీతం ఒకటి ఉండాలని నేను గట్టిగా అనుకున్నాను. ఈ మాట పైకి అంటే అపశకునం, అందుకని అనలేదు.

పెళ్ళికి ముందే పదో తరగతి పాసయ్యాను. రెండువేలు దాటిన కొత్తల్లో, మా అమ్మాయిని బడిలో వేసిన ఏడే, నేనూ టెక్కలిలో నర్సింగ్ స్కూల్లో చేరాను. ఏఎన్ఎం కోర్సు. క్లాసులో అందరూ పదిహేడూ పద్దెనిమిదేళ్ళ పిల్లలు. నన్ను ఆంటీ అనేవారు. తెల్లారకుండా చేపలు ఎండబోసి, పిల్లకి అన్నం పెట్టి, బస్సెక్కి వెళ్ళేదాన్ని. ఎంత సబ్బు రుద్దినా నా దగ్గర చేపల వాసన పోయేది కాదు. నా పక్క బెంచీ ఎప్పుడూ ఖాళీయే. దానికి నేను బాధపడలేదు, పుస్తకాలు పెట్టుకోవడానికి చోటు దొరికిందనుకున్నాను.

గొడవంతా గాజుల దగ్గర వచ్చింది. వార్డులోకి వెళ్ళాలంటే మోచేతుల దాకా ఏమీ ఉండకూడదు. మొదటిరోజే తీయించేశారు. సాయంత్రం నా చేతులు చూసి మా అత్త తోముతున్న గిన్నె వదిలేసింది.

"ఆడు గంగ మీదున్నాడు. నువ్వు సేతులు బోసిగా ఎట్టుకుని తిరుగుతావేటే? నా సేతులు సూసి కూడా నీకు బుద్ది రాలేదా?"

ఆమె చేతులు చూసే కదా నాకు బుద్ధొచ్చింది. ఆ మాటా పైకి అనలేదు.

టెక్కలిలో గాజుల కొట్టుకెళ్ళి నా చేతికి బాగా వదులైనవి కొన్నాను. కొట్టాయన నవ్వాడు, "ఇవి మీ అత్తగారికా?" అని. బస్సు ఊరు దాటగానే తీసి రుమాల్లో మూటకట్టడం, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ తొడుక్కోవడం. కండక్టర్‌కి కూడా అలవాటైపోయింది. మొగుడు క్షేమంగా ఉండాలన్నా, నేను పాసవ్వాలన్నా ఆ రుమాలే దిక్కు.

చివరి ప్రాక్టికల్ పరీక్ష వారంలో పడుతుందనగా వేరావల్ నుంచి ఎస్టీడీ బూత్‌కి ఫోనొచ్చింది. మావాళ్ళున్న బోటు రావాల్సిన రోజు దాటిపోయినా రేవుకి చేరలేదట. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే నాకు అప్పుడే తెలిసింది. వాడంతా మా గుమ్మంలో కూర్చుంది. నా వదులు గాజుల సంగతి ఎవరో చూసి చెప్పారు. మా అత్త తిట్టలేదు. గాజులామెని పిలిపించి, సైజు తక్కువ గాజులు తెప్పించి, సబ్బునీళ్ళు పోసి నా రెండు చేతులకీ ఎక్కించింది. ఎముక మీద నొక్కుతుంటే ఆమే ఏడ్చింది. "ఇవి ఊడిరావు. ఆడొచ్చేదాకా ఉండనీ," అంది. తన కొడుకు తిరిగొస్తే వాడలో పేరంటాళ్ళందరికీ గాజులు తొడిగిస్తానని మొక్కుకుంది.

పరీక్షకి వెళ్ళొద్దని అందరూ అన్నారు. ఆరు నెలలాగి మళ్ళీ రాసుకోవచ్చు కదా అన్నారు. నాకు తెలుసు, ఆగితే ఇంక లేదు. ఆయన పోతే ఏడాదిపాటు మూల కూర్చోబెడతారు. వస్తే, చదివింది చాల్లే అంటాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. చేపలు అమ్మడానికి వెళ్తున్నానని చెప్పి బస్సెక్కాను.

బొమ్మ మీద కాన్పు చేసి చూపించాలి. దానికి ముందు చేతులు కడుక్కోవాలి. పరీక్షకొచ్చిన మేడమ్ నా చేతులు చూసి, "గాజులు తియ్యమ్మా," అంది.

"రావండి. బిగుసుకుపోయాయి."

"అయితే వచ్చేసారి రా. తరవాత ఎవరు?"

నా వెనక పిల్ల ముందుకు అడుగేసింది. నేను కుళాయి దగ్గర సిమెంటు గట్టుకి చేతులు వేసి కొట్టాను. రెండోదెబ్బకి కుడిచేతివి, తరవాత ఎడమచేతివి. మా వాడలో అయితే ఈ పని నలుగురు ముసలమ్మలు పట్టుకుని చేస్తారు. నేను ఒక్కదాన్నే చేసుకున్నాను. మేడమ్ గీసుకున్న చోట దూది పెట్టించి, గ్లవుజులు ఇచ్చి, "కానియ్యి," అంది. చేశాను. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు పాసయ్యాను.

సాయంత్రం బస్సు దిగి వీధిలోకి వస్తుంటే మా గుమ్మంలో ఉన్నవాళ్ళు నా చేతులు చూశారు. బోసి మణికట్లూ, నెత్తుటి చారలూ. టెక్కలిలో కబురు నాకే ముందు తెలిసిందనీ, అందుకే పగలగొట్టుకుని వస్తున్నాననీ అనుకున్నారు. ఒక్కసారిగా ఏడుపందుకున్నారు. మా అత్త గుండెలు బాదుకుంటూ నేలమీద పడింది. మా అమ్మాయి నన్ను చుట్టుకుని "నాన్నా" అని కేకలేసింది.

"కబురేమీ లేదు," అన్నాను. "పరీక్షకని తీశాను."

ఏడుపు ఆగింది. అంతమందిలో ఒక్కరు కూడా హమ్మయ్య అనలేదు. నన్ను చూసిన ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

రెండురోజులకి ఫోనొచ్చింది. ఇంజన్ పాడై కొట్టుకుపోతే వేరే బోటు లాక్కొచ్చిందట. అందరూ క్షేమం. పదిరోజుల్లో ఆయన ఇంటికొచ్చాడు. నేను ఎంత సంతోషించానో ఎవరికీ అక్కర్లేకపోయింది. వీధి మొదట్లోనే వాళ్ళమ్మ అంతా చెప్పేసింది.

మొక్కు తీర్చే రోజున మా అరుగు మీద గాజులామె బుట్ట దించింది. వాడలో ఆడవాళ్ళంతా వరసగా కూర్చున్నారు. అందరికీ తొడిగి నా దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని నొక్కి చూసింది.

ఆయన గుమ్మంలోంచి అన్నాడు: "దానికొద్దు. నాను సచ్చిపోనానని అది ఎప్పుడో తేల్చీసుకుంది."

ఎవరైనా ఒక మాట అంటారనుకున్నాను. మా అత్త అయినా అంటుందనుకున్నాను. ఆమె నా పక్కనున్న మనవరాలి చెయ్యి తీసి గాజులామె చేతిలో పెట్టింది.

ఆయన నిజంగానే రాకపోయి ఉంటే వాడంతా నన్ను క్షమించేది. పాపం, దానికి ముందే తెలిసిపోయింది అనేవారు. ప్రాణాలతో వచ్చాడు కాబట్టి నా తప్పు అలాగే ఉండిపోయింది. మొగుడు బతికుండగా, ఆ మొగుడే గుమ్మంలో నిలబడి నాకు గాజులు లేకుండా చేశాడు.