వాలు లేని గాలి లైను

నరసాపురం స్టేషన్ రోడ్డులో బీరువాలు తయారుచేసే షెడ్డు ముందు, బుధవారం పొద్దున్నే ఒక ట్రాలీ ఆటో ఆగింది. అందులో నెమలికంఠం రంగు బీరువా ఉంది. పది రోజుల కిందట ఆ షెడ్డు నుంచే వెళ్లిన బీరువా. దాని పక్కన కొంగు నడుముకి దోపుకుని మహాలక్ష్మమ్మ నిలబడి ఉంది.

“చూడమ్మా దుర్గా, తలుపు మీద ఈ చెమటకాయలేంటి?”

వీరదుర్గ దగ్గరికొచ్చి వేలితో తడిమింది. తలుపు నిండా ఆవగింజలంత పొక్కులు. గోరుతో ఒకటి గీకితే లోపల తుప్పురంగు కనిపించింది.

“శుక్రవారం మంచిరోజు. బీరువాకి పసుపు రాసి బొట్టు పెట్టుకోవాలి. ఆ వేళకి బాగుచేసిచ్చావా సరే, లేకపోతే నీ బీరువా నువ్వే ఉంచుకో” అంది మహాలక్ష్మమ్మ. ఎండుచేపల వ్యాపారం చేసే మనిషి, బేరమైనా తగువైనా రెండు ముక్కల్లో తేల్చేస్తుంది.

ఆ నెలలో ఇలా తిరిగొచ్చిన బీరువా ఇది మూడోది.

దుర్గ తండ్రి చేపల పడవలకి రంగులేసి, పేర్లు రాసేవాడు. పన్నెండేళ్లకే ఆమె కుంచె పట్టింది. వెల్డింగు పని తెలిసిన సత్తియ్యని పెళ్లి చేసుకున్నాక ఇద్దరూ కలిసి ఈ షెడ్డు పెట్టారు. రేకు కత్తిరించడం, అతకడం సత్తియ్య పని. రంగు కొట్టడానికి పెట్టుకున్న మనిషి ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేస్తే, దుర్గ ముక్కుకి గుడ్డ కట్టుకుని రంగు చిమ్మే గన్ను అందుకుంది. అప్పట్నుంచి పద్దెనిమిదేళ్లుగా ఆ గన్ను ఆమె చేతిలోనే ఉంది. ఆమె రంగు కొట్టిన తలుపులో ముఖం చూసుకోవచ్చని చుట్టుపక్కల పేరు.

పొక్కులెందుకు వస్తున్నాయో సత్తియ్య మొదటి బీరువా రోజునే తేల్చేశాడు, రంగు కల్తీ అని. రెండోదానికి, రంగులో కలిపే తిన్నరు మంచిది కాదన్నాడు. ఇప్పుడు మూడోదాని ముందు గొంతుక్కూర్చుని కాసేపు చూసి, “నీ చెయ్యి ఈమధ్య కుదురుగా ఉండట్లేదేమో దుర్గా” అన్నాడు.

దుర్గ లోపలికెళ్లి తెల్ల తువ్వాలు ఒకటి తెచ్చింది. పెయింటు గదిలో గన్నుకి గాలి తెచ్చే గొట్టం ఊడదీసి, దాని మూతికి తువ్వాలు అడ్డం పెట్టి వాల్వు తిప్పింది. గాలి బుస్సుమంది. తువ్వాలు మీద చిక్కటి టీ చిమ్మినట్టు గోధుమరంగు మరక పడింది.

“ఇది నా చేతిలోంచి వచ్చిందా అండీ?”

సత్తియ్య తువ్వాలు వాసన చూశాడు. “కంప్రెసర్ ట్యాంకు కింద కుళాయి రోజూ తిప్పి నీళ్లు వదుల్తున్నావా?”

“పద్దెనిమిదేళ్లుగా వదుల్తున్నాను. ట్యాంకు సంగతి కాదండి. గొట్టం సంగతి చూడండి.”

గాలిని నొక్కిపట్టే కంప్రెసర్ షెడ్డుకి ఆ చివర, పెయింటు గది ఈ చివర. మధ్యలో గోడ వెంబడి నలభై అడుగుల ఇనప గొట్టం. కంప్రెసర్‌లోంచి వేడిగా వచ్చే గాలి ఆ గొట్టంలో చల్లారి, లోపల చెమటలా నీరు పడుతుంది. అన్నేళ్ల నీటికి గొట్టం లోపల పుచ్చిపోయింది. బయట ఉప్పుగాలి సరేసరి. ఒక ముక్క కోసి చూస్తే చిటికెన వేలు కూడా దూరనంతగా తుప్పు పేరుకుని ఉంది. సత్తియ్య దానివైపు చూసి, చొక్కా తొడుక్కుని, కొత్త గొట్టాలు తెస్తానని వెళ్లాడు.

గంట తర్వాత పీవీసీ గొట్టాలు భుజాన వేసుకుని వచ్చాడు.

“ఏవండీ, ఇవి నీళ్ల గొట్టాలు.”

“నీళ్లనే మోస్తున్నాయి. గాలి నీళ్లకంటే తేలికే కదా?”

దుర్గ తల పట్టుకుంది. “నొక్కిపెట్టిన గాలండీ అది. నీళ్ల గొట్టం పగిలితే కారి ఊరుకుంటుంది. ఇది పగిలితే గాజుపెంకుల్లా లేచి మొహాన కొడుతుంది. వెనక్కిచ్చి ఇనపవే తీసుకురండి.”

గొణుక్కుంటూ వెళ్లి జింకు పూసిన జీఐ ఇనప గొట్టాలు తెచ్చేసరికి బుధవారం కాస్తా అయిపోయింది.

గురువారం ఎనిమిదింటికల్లా వస్తానన్న ప్లంబర్ చంద్రరావు పదకొండున్నరకి వచ్చాడు. ఈలోగా దుర్గ బీరువా తలుపులు రేకు కనబడేదాకా గరుకు కాగితంతో రుద్ది, భుజాలు పట్టేసి కూర్చుంది. అతనికి రెండే మాటలు చెప్పింది. కంప్రెసర్ దగ్గర్నుంచి పెయింటు గది దాకా గొట్టం ఆరంగుళాలు వాలుగా దిగి, ఆ కొసన నీళ్లు వదిలే కుళాయితో ముగియాలి. గన్నుకి పోయే పాయ పెద్ద గొట్టం పైనుంచి తీయాలి, కింద నుంచి కాదు.

“ఆయ్, అలాగేనండి” అన్నాడు చంద్రరావు.

భోజనం చేసి వచ్చేసరికి గొట్టం బిగించి ఉంది. గోడకి గీత గీసినట్టు తిన్నగా ఉంది. పాయ కింద నుంచి వేలాడుతోంది. చంద్రరావు దాని మీద మట్టం చూసే లెవెల్ పెట్టి, నడిమధ్యన నిలిచిన బుడగని గర్వంగా చూపించాడు.

“చూడండి, వెంట్రుకవాసి తేడా లేదు.”

“తేడా ఉండాలనే కదండీ నేను చెప్పింది!”

“చెప్పారండి. కానీ ఏటవాలుగా పెడితే చూసినోళ్లు నా పనితనం గురించి ఏమనుకుంటారండి?”

సత్తియ్య ప్లంబర్ పక్షం చేరాడు. “తిన్నగా ఉంటే చూడ్డానికి బాగుంది కదా దుర్గా.”

ఆ మాటతో దుర్గ ఓపిక తెగిపోయింది. “చూడ్డానికి గోడ మీద దేవుడి పటం కాదండి ఇది! కాలవకి వాలు లేకపోతే నీళ్లు కదుల్తాయా? ఈ ఊళ్లో పుట్టి అది కూడా తెలీదా ఇద్దరికీ? గొట్టంలో నీరు ఆ కొసన కుళాయిలోకి దిగాలి. గాలి ఒక్కటే పైకెక్కి నా గన్నులోకి రావాలి. పాయ కిందకి పెడితే నీరంతా సరాసరి తలుపు మీదకే కదా!”

స్టూలు లాక్కుని ఎక్కి, రెంచీతో క్లాంపు తనే విప్పడం మొదలుపెట్టింది. గొట్టం ఒక పక్కకి జారింది. సత్తియ్య గబాల్న వచ్చి ఆ చివర పట్టుకున్నాడు. చంద్రరావు మొహం ముడుచుకునే మళ్లీ పనిలో పడ్డాడు. గొట్టం మోస్తూ నిలబడ్డ సత్తియ్య కాసేపటికి ఆమెకి మాత్రమే వినబడేలా, “చెయ్యి గురించి అలా అనకుండా ఉండాల్సింది” అన్నాడు.

“ఇప్పుడు గొట్టం కదపకండి” అంది దుర్గ. కానీ గొంతు కొంచెం తగ్గింది.

నాలుగింటికి కంప్రెసర్ వేశారు. ఎక్కడో సన్నగా పాము బుసలా చప్పుడు.

“కొత్త గొట్టం కదండీ, రెండ్రోజుల్లో సర్దుకుంటుంది” అన్నాడు చంద్రరావు.

“గాలి లీకు ఎక్కడైనా సర్దుకుంటుందా అండీ?” దుర్గ గిన్నెలో సబ్బు నురగ కలిపి ఒక్కో అతుకుకీ పూసుకుంటూ పోయింది. మూడో అతుకు దగ్గర బుడగలు పొంగాయి. గాలి దించి, మర విప్పి, నార చుట్టి మళ్లీ బిగించేసరికి ఆరు దాటింది.

శుక్రవారం పొద్దున కొత్త లైనుకి కొత్త తువ్వాలు పెట్టి వాల్వు తిప్పింది. తువ్వాలు రెపరెపలాడింది తప్ప చుక్క పడలేదు. తలుపులకి రంగు రెండు పూతలు కొట్టింది. చెయ్యి ఎప్పటిలాగే సాఫీగా తిరిగింది.

మూడింటికి మహాలక్ష్మమ్మ వచ్చి తలుపు మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందకి, కిందనుంచి పైకి రాసింది. వంగి ఏటవాలుగా చూసింది. ఎక్కడా వంక దొరకలేదు.

“ఇంత బాగా చేసేదానివి, మొదటిసారే ఇలా చేసి ఉండొచ్చు కదమ్మా” అని ఆటో ఎక్కింది.

దుర్గ గన్ను కడగడానికి లోపలికి వెళ్లింది.

లైను చివర కుళాయి తిప్పి నీళ్లు వదిలే పని సత్తియ్య తను చేస్తానన్నాడు. వారంలో నాలుగు రోజులు గుర్తుంటుంది. మిగిలిన మూడు రోజులూ షెడ్డు మూసేముందు దుర్గే తిప్పుతుంది, ఆయనకి వినబడేలా తిట్టుకుంటూ.