గుర్రప్పిల్లకు నా జడ

మొన్న శుక్రవారం పొద్దున ఆరూ ఇరవైకి నేను గుర్రం పొట్ట కింద ఉన్నా. ఎందుకో చెప్తా, నవ్వకండి!

మాది బోయిన్‌పల్లిలో పెళ్లి బరాత్‌లకు గుర్రాలిచ్చే ఇల్లు. మా అత్తమ్మ కాలం నుంచీ ఎవరికి పులిపిరి లేచినా మా గడపకే వస్తారు. గుర్రం తోక వెంట్రుక బిగించి కడితే రాలిపోతుందని నమ్మకం. ఎవరెవరికి ఇచ్చామో నాకు పేర్లతో సహా గుర్తే. అట్లాంటి ఇంట్లో గురువారం సాయంత్రం మా గుర్రం లచ్చి ఈనితే, పిల్ల నుదుటి మీదే పులిపిరి! రేగుపండంత, కాడతో, గోబీపువ్వులా.

పోయినసారి లచ్చి పిల్ల దక్కలేదు. ఇదీ పోతుందేమోనని నా భయం. మా ఆయన పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేసి, "ఆమె వచ్చేదాక జెర ఆగు, ముట్టకు" అన్నారు. ఆగితే నేను నేనెందుకవుతా?

తెల్లారుజామున దీపం పెట్టి ఆలోచించా. మనిషి పులిపిరికి గుర్రం వెంట్రుక. మరి గుర్రం పులిపిరికి? మనిషి వెంట్రుకే కదా! ఒక్కటి కడితే పుటుక్కున తెగుతోంది. కత్తిరిద్దామంటే శుక్రవారం. సరే, జడ కొసనే కాడకు చుట్టి ముడేశా, కాసేపాగి విప్పేద్దామని.

అప్పుడే పిల్లకు ఆకలైంది. తల్లి కిందికి దూరింది. వెనకే నేనూ! ముడి ఊడదు, అది పాలు వదలదు. లచ్చి మెడ తిప్పి ఇద్దర్నీ చూసి కదలకుండా నిలబడింది. నా తల్లి, ఒక్క తన్ను తన్నలేదు!

గేటు చప్పుడు. డాక్టరమ్మ.

"ఆంటీ, మీరు కూడా పాలకేనా?"

మా ఆయన తల పట్టుకున్నారు. "ఏందే, గిట్ల పరేషాన్ చేస్తవ్!"

ఆమె కత్తెర తీసింది.

"అమ్మా, శుక్రవారం!"

"అయితే రేపటిదాకా ఇక్కడే ఉంటారా?"

కచ్! బెత్తెడు జడ పోయింది.

మత్తిచ్చి ఆ కండ తీసేసి చెప్పింది: "భయం లేదు ఆంటీ. గుర్రాలకైనా మనకైనా పులిపిర్లు వైరస్‌తోనే వస్తాయి, ఎవరి వైరస్ వాళ్లది. పుట్టుకతోనే ఉందంటే మాత్రం వైరస్సే అని చెప్పలేం, ల్యాబ్‌లో చూస్తాం. ప్రాణానికేం కాదు. మామూలు పులిపిర్లయితే చాలావరకు వాటంతటవే రాలిపోతాయి."

"మరి మా అత్తమ్మ ఇచ్చిన వెంట్రుకలు?"

"అవి కట్టుకున్నన్నాళ్లు గిల్లకుండా ఊరుకున్నారు, అంతే!"

ఏదైతేనేం, పిల్ల దక్కింది. లచ్చికి చేతులెత్తి దండం పెట్టా.

మర్నాడు పొద్దున ఆంజనేయస్వామికి పులిపిరి మొక్కుగా ఉప్పూ మిరియాలూ సమర్పించి వచ్చేసరికి, మా ఆయన దిష్టి తగలకుండా నా జడ కొసను నిమ్మకాయతో కలిపి పాక గుమ్మానికి కట్టేశారు. పక్కింటి యాదమ్మ వెంట్రుక కోసం వచ్చింది. "గిల్లకుండా డాక్టర్‌కు చూపించు యాదమ్మా" అంటున్నా, ఆమె చూపు గుమ్మం మీదే.

"అన్నా, ఏ గుర్రం తోక అది? నూనె సుత మంచిగ రాసిండ్రు!"

మా ఆయన నా వైపు చూడకుండానే అన్నారు: "ఇంట్ల అన్నిట్కన్న పాత గుర్రం."

నేను కొంగు తల మీదికి లాక్కున్నా.