దుమ్ము లేని బండి

2019 ఫిబ్రవరి. అనంతపురంలో బళ్లారి రోడ్డు మీద నా షెడ్డు. ఎన్నికలు దగ్గర పడినాయి. అట్లాంటి టైంలో మా జిల్లాలో పెద్ద బండ్లకు గిరాకీ లేస్తాది. టికెట్టు వచ్చినోడికీ కావాల, రానోడికీ కావాల. ముందొకటి, వెనక నాలుగు బండ్లు లేకపోతే నాయకుడు ఊర్లోకి వచ్చినాడని కూడా ఎవరూ అనుకోరు. అందుకని యాడయాడి నుంచో పాత ఫారిన్ ఎస్‌యూవీలు ఇక్కడికి దిగుతాయి. రాళ్లలో, ఇసకలో పోయేటివి, లోపల తోలు సీట్లుండేటివి. అవి కొనేముందు చూపించుకునేదానికి నా దగ్గరికి తెచ్చేవాళ్లు.

నేను పన్నెండేండ్లప్పుడు జీపుల కింద పండుకున్నవాణ్ణి. చదువు లేదు. కొత్త బండ్లలోకి కంప్యూటర్లు వచ్చినంక స్కానర్ కొనాల్సి వచ్చింది. బండికి తగిలిస్తే యాడ జబ్బుండాదో అక్షరాల్లో చూపించే పెట్టె అది. తెర మీద ఏం రాసిందో ప్రతిసారీ ఇంకొకర్ని పిలిచి అడగాలంటే నామోషీ అనిపించింది. నలభై ఏడేండ్లకు మా చిన్న కూతురి పక్కన కూర్చుని తెలుగు నేర్చుకున్నా, తర్వాత ఇంగ్లీషు అక్షరాలు. ఇప్పుడు ఇది నేనే రాస్తాండా.

బండి నేను ఎట్ల చూసేవాణ్ణో ముందు చెప్పాల. మా సీమలో బండిని చంపేవి దుమ్ము, ఎండ, బోరునీళ్లు. బోరునీళ్లు పోసిన రేడియేటర్‌లో సున్నం పేరుకుంటాది. ఎండకు రబ్బర్లు పగులుతాయి. ఇంక దుమ్ము. డోరు రబ్బరు కింద వేలు పెట్టి గీకితే బండి యాడ తిరిగిందో చెప్పేవాణ్ణి. ఎర్రగుంటే శింగనమల పక్క పల్లెలు. నల్లగుంటే ఉరవకొండ పక్క రేగడి. తెల్లగా పిండి మాదిరి ఉంటే తాడిపత్రి రాళ్ల ఫ్యాక్టరీలు. ఓనరు చెప్పేదానికన్నా ఆ వేలికంటిన దుమ్మునే నేను నమ్మేవాణ్ణి. నలభై ఏండ్లు అదే నా విద్య.

ఓబిరెడ్డిది శింగనమల చెరువుకు ఎగువన ఒక పల్లె. ఆయన ట్రాక్టర్ నేనే చేసేవాణ్ణి, అట్ల పదహైదేండ్ల పరిచయం. చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. ఒక బోరు ఎండితే ఇంకో బోరు, అది ఎండితే ఇంకొకటి వేయించినాడు. చివరికి కాపుకొచ్చిన చెట్లు నరికించి కట్టెలోళ్లకు ఇచ్చేసినాడు. ఆ తర్వాత ట్రాక్టరూ పోయింది. మిగిలింది ఇంటి పక్క మూడెకరాలు. అది అమ్మి ఒక పెద్ద బండి కొంటానని నా దగ్గరికి వచ్చినాడు. ఎన్నికల వరకు నెల బాడుగకు పెట్టుకుంటామని ఒక నాయకుడి మనుషులు మాటిచ్చినారంట. ఎన్నికలైనంక పెండ్లిండ్లకు, లేపాక్షి చూసేదానికి వచ్చే టూరిస్టులకు తిప్పుకుంటాడంట. తానే డ్రైవరు. ఇంక భూమిని చూసి బతికేది లేదన్నాడు. ఈ బండి నడిస్తే మొగుడూ పెండ్లాం ఇద్దరూ ఊర్లోనే ఉంటారు, లేదంటే ఊరు వదలాల. అంతే లెక్క.

"బోరేస్తే నీళ్లు పడతాయో లేదో చెప్పేవాడు యాడా లేడు మాబన్నా. నమ్మి నమ్మి మునిగినా. బండికైతే నువ్వుండావు" అన్నాడు.

ఆ మాటకు నాకు ఛాతీ పొంగింది. అది దాచేదేం లేదు.

రమణ అనే బ్రోకర్ బండి తెచ్చినాడు. కంపెనీ పేరు రాయను, తప్పు కంపెనీది కాదు. తెల్ల బండి, ఏడు సీట్లు, పైన తెరుచుకునే సన్‌రూఫ్. ఓబిరెడ్డి భార్య లక్షుమ్మ కూడా వచ్చి ఒక పాత టైరు మీద కూర్చుంది. ఆమె బండిని కాదు, రమణను చూస్తాంది. కాసేపటికి అడిగింది, ఇంత మంచి బండిని ఇంత తక్కువకు యాల ఇస్తాండారని.

"మీ నాయన కూడా రెడ్డి అడిగిన కట్నం విని ఇదే అడిగింటాడు వదినా" అన్నాడు రమణ.

ఓబిరెడ్డి నవ్వినాడు. నేనూ నవ్వినా. ఆ పొద్దు షెడ్డులో అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. దాన్ని మేం మగోళ్లం నవ్వులో కలిపేసినాం.

నేను పని మొదలుపెట్టినా. ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఆయిల్ మూత తీసినా. లోపల అరిగిన ఇంజినైతే ఆ బొక్కలో నుంచి పొగ ఎగదంతాది, దాన్ని బ్లో-బై అంటాం. పొగ లేదు. రేడియేటర్‌లో సున్నం లేదు. రబ్బర్లు మెత్తగుండాయి. షెడ్డు వెనక ఎండిన వంకలోకి దించి లో రేంజ్ వేసినా. నాలుగు చక్రాలకూ బలం పంచి నిదానంగా లాగించే గేరు అది. ఇసకలో నుంచి గట్టు మీదికి పిల్లి మాదిరి ఎక్కింది. ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద బండి లేచి కూర్చునే ఏర్పాటు, అది కూడా లేయమంటే లేచింది, కూర్చోమంటే కూర్చుంది. కింద చాసిస్‌కు కొత్తగా నల్ల రంగు కొట్టిండారు. బాగా చూసుకునేవాళ్లు కొట్టిస్తారులే అనుకున్నా.

ఇంక దుమ్ము. డోరు రబ్బరు కింద వేలు పెడితే ఏం రాలేదు. డిక్కీ అంచుల్లో లేదు. ఏసీ బొక్కల్లో లేదు. ఎర్రది లేదు, నల్లది లేదు, తెల్లది లేదు. అట్లాంటి బండి నేను అంతవరకు చూడలేదు. పెద్దోళ్ల ఇంట్లో నీడలో పెరిగిన బండి అన్నా. ఓబిరెడ్డి మొగం వెలిగింది.

ఒక్క చోట మాత్రం, డ్రైవరు సీటు జరిగే పట్టా కింద, వేలికి ఏదో తగిలింది. బూడిద రంగుది, మెత్తగా, ఎండి పొరలు పొరలుగా ఉండాది. నలిపి చూసినా. మా జిల్లా మన్ను కాదు. ఇదేంది రమణా అని అడిగితే, సముద్రం పక్క పట్నం బండి గదా, పిల్లోళ్లు బీచిలో ఆడి అట్లే ఎక్కింటారన్నాడు. బీచి ఇసక గరగరమంటాదని నాకూ తెలుసు. ఇది గరగరమనలేదు. లోపల అత్తరు వాసన కూడా మనిషికి తల తిరిగేట్టు ఉండాది. దాని గురించి అడగనే లేదు.

అప్పుడు స్కానర్ తగిలించినా. తెర మీద అక్షరాలు వచ్చినాయి. కళ్లద్దాలు పెట్టుకుని, అందరూ వినేట్టు, ఒక్కో అక్షరం కూడుకుని చదివినా. నో ఫాల్ట్స్.

"ఏమంటాదన్నా?" అన్నాడు ఓబిరెడ్డి.

"ఏ జబ్బూ లేదంటాది."

"నువ్వేమంటావు?"

"నిశ్చింతగా తీసుకో రెడ్డీ."

స్కానర్‌లో పాత జబ్బులన్నీ ముందే తుడిచేసి తేవచ్చని నాకు తెలీని సంగతేం కాదు. నేనే ఎన్నో బండ్లకు తుడిచినా. అయినా అక్షరాల్లో కనపడేసరికి నమ్మినా. ముసలితనంలో నేర్చిన చదువు ఎంత ముద్దో, అంత గుడ్డిది. వేలికంటిన బూడిద మన్ను వేస్టు గుడ్డకు తుడుచుకున్నా.

నెల పైన బండి బాగా నడిచింది. ఓబిరెడ్డి తెల్ల చొక్కా వేసుకుని షెడ్డు ముందర హారన్ కొట్టుకుంటా పోయేవాడు. మార్చి నెలాఖర్లో ఒక పొద్దున తెచ్చినాడు. అద్దాలు వాటికవే దిగుతాండాయంట, వైపర్లు ఎండలో తిరుగుతాండాయంట. డ్రైవరు కాళ్ల దగ్గర ప్యానెల్ విప్పినా. వైర్ల కనెక్టర్లకు పచ్చగా చిలుము పట్టుండాది. బ్యాటరీ మీద అట్లాంటిది చూసినా గానీ లోపల యాడా చూడలేదు. కార్పెట్ కోసి పైకెత్తినా. దాని కింద దూదిపొర ఇంకా తడిగా ఉండాది, మురిగిన వాసన. వైర్ల చుట్టూ ఆ బూడిద మన్నే, వేలు మందం, పెళ్లలు కట్టి.

సముద్రం పక్క ఒక ఊర్లో నాకు తెలిసిన మెకానిక్ ఉండాడు. ఫోన్ చేస్తే, సీటు బెల్టు చివరి వరకు గుంజి చూడన్నా అన్నాడు. గుంజినా. ఎప్పుడూ బయటికి రాని ఆ చివర కొసలో గోధుమ రంగు గీత ఉండాది. నీళ్లు అంత వరకు నిలబడినాయి. సీట్లో కూర్చున్న మనిషికి ఛాతీ వరకు.

మిగతాది కూడా ఆయనే చెప్పినాడు. ముందటి వానలకు ఆ పట్నంలో మునిగిన బండ్లను ఇన్సూరెన్సోళ్లు టోటల్ లాస్ అని రాసేసినారంట. అంటే, బాగు చేయించేదానికన్నా పారేసేది మేలని. వాటిని వేలంలో కొని, విప్పి, కడిగి, అత్తరు కొట్టి అమ్ముతారంట. ఆ పక్కన అమ్మితే వాసన చూసి కనిపెడతారు. అందుకే నీళ్లంటే ఏందో తెలీని జిల్లాకు తోలుతారు. తర్వాత మా టౌన్లోకే వంక పొంగి రావడం చూసినాం గానీ, అప్పటికి నేను మునిగిన బండి ఒక్కటి కూడా చూసిండలేదు. దుమ్ము లేని బండి మంచిదనుకున్నా. అంత శుభ్రంగా ఉండాలంటే దాన్ని ఎందుకు అంతగా కడగాల్సొచ్చిందో ఆలోచన చేయలేదు.

ఓబిరెడ్డికి చెప్పినా, నీ బండి నీళ్లలో మునిగింది అని. ఆయన నవ్వినాడు.

"మునిగేదానికి మన జిల్లాలో నీళ్లు యాడుండాయి మాబన్నా?"

నేను బెల్టు చూపించినా. గీత చూసినాడు. నా మొగం చూసినాడు. అప్పుడు నవ్వు ఆపినాడు. రమణకు ఫోన్ చేస్తే స్విచాఫ్. తర్వాత కూడా ఎప్పుడూ పలకలేదు.

బండి ఆపేయమన్నా. రేపు ర్యాలీ ఉండాది, ఆపితే బాడుగ పోతాది, ఈ పది దినాలు నడిపియ్యన్నా అని బతిమాలినాడు. కనెక్టర్లు పెట్రోలుతో కడిగి, ఎండకు పెట్టి, బిగించి పంపించినా. ఆ పని కూడా చేయకుండా ఉండాల్సింది. ఒక తప్పును నిలబెట్టేదానికి ఇంకో తప్పు.

మూడో నాడు, ఒక పెద్ద ఊరి నడి బజార్లో బండి చచ్చిపోయింది. నాయకుడు సన్‌రూఫ్‌లో నుంచి పైకి నిలబడి మైకులో మాట్లాడతాండాడంట. ఉన్నట్టుండి ఇంజిన్ ఆగింది, మైకు ఆగింది, డోర్లకు లాక్ పడింది, అద్దాలు దిగలేదు, ఒక పక్క గాలి సంచి పోయి బండి కుంటిదాని మాదిరి ఒరిగింది. లోపల మనుషులు చెమటలు కక్కుకుంటా అద్దాలు కొడతాండారు. నాయకుణ్ణి పంచె ఎగ్గట్టించి, బండి పైనుంచి భుజాల మీదికి దించుకున్నారు. జనం నవ్వినారు. ఆ నవ్వే ఓబిరెడ్డిని ముంచింది. బండి చెడిపోతే వేరే బండి పెడతారు, మరిచిపోతారు. ప్రచారంలో నాయకుడు నిలబడిన బండి చచ్చిందంటే మా పక్క దాన్ని అపశకునం అంటారు. ఆయన మనుషులే అద్దం పగలగొట్టి, బండిని రోడ్డు పక్క గుంతలోకి తోసి పోయినారు. ఆ నాయకుడు ఓడిపోయినాడు. దానికీ బండే కారణమన్నారు.

ఇంక దాన్ని పెండ్లికి పిలిచేవాడు లేడు. కొత్తగా కావాల్సిన కంప్యూటర్ పెట్టెల ధర వింటే ఇంకో బండి కొన్నట్టు. చివరికి ముక్కలు ముక్కలుగా అమ్మిపెట్టింది కూడా నేనే. మంచి టైర్లు ఎవరో తీసుకున్నారు, తోలు సీట్లు ఎవరో తీసుకున్నారు. లో రేంజ్ గేరుబాక్సు ఈ రోజుకీ ఎవరి బండిలోనో నడుస్తాండాది. అది నిజంగానే మంచిది.

ఇల్లు తాళం వేసి మొగుడూ పెండ్లాం రాయదుర్గం పోయినారు. ఆమె జీన్స్ కుట్టే యూనిట్లో మిషను మీద కూర్చుంది. ఆయనకు కుట్టు రాదు, కుట్టిన ప్యాంట్లకు దారం కొసలు కత్తిరిస్తాడు. వాళ్లు పోయినంక ఒక నాడు మధ్యాహ్నం అన్నం వేళకు పోయి గేటు దగ్గర నిలబడినా. ఓబిరెడ్డి వచ్చినాడు. చొక్కా నిండా నీలం పీచు. లక్షుమ్మ లోపల నుంచి చూసింది, బయటికి రాలేదు.

నన్ను తిట్టు రెడ్డీ అన్నా.

"తిట్టాలనే వచ్చినా గేటు దాకా. బోర్లు ఎండినప్పుడు పైకి చూసి తిట్టుకుంటి. నిన్ను తిట్టి ఏం చేయాల. టీ తాగుతావా?"

తాగినా. ఆయనే డబ్బులిచ్చినాడు. ఇంతవరకు ఆ ఊరికి మళ్లీ పోలేదు.

పాత పెద్ద బండి కొనేవాళ్లకు ఈ కేసులో పనికొచ్చే మాటలు కొన్ని ఉండాయి. సీటు బెల్టు కొస వరకు గుంజండి. కార్పెట్ ఎత్తండి, ఎత్తనీకపోతే కొనొద్దండి. స్టెప్నీ పెట్టే గుంతలో మూలలు తడమండి. ఇన్సూరెన్సు పాత కాగితాలు అడగండి. అత్తరు ఎక్కువుంటే బండి వదిలేయండి.

ఇవి మెకానిక్ ఎవరైనా చెప్తాడు. నేను నేర్చింది ఇంకొకటి. బండి చెడ్డదని నేను చెప్పగలను, మంచిదని చెప్పలేను. నాకు తెలిసిన జబ్బులు దీంట్లో లేవు, తెలీనివి ఉండొచ్చు, అంతే నేను చెప్పేది. ఆ మాట వచ్చినోళ్లకు నచ్చదు. తీసుకోమని చెప్పేవాడు కావాల వాళ్లకు. ముసలోడికి చేతగాలేదని వేరే షెడ్డుకు పోతారు. పోనీ అని వదిలేస్తాండా.

ఓబిరెడ్డికి ఆ పొద్దు అట్లే చెప్పింటే ఏమయ్యేదని ఆలోచన చేస్తా. విసుక్కోని ఇంకో మెకానిక్ దగ్గరికి పోయింటాడు. మా జిల్లాలో వాడికీ మునిగిన బండి తెలీదు. వాడూ మంచిదనే చెప్పింటాడు. మూడెకరాలూ పోయేవే, రాయదుర్గమూ తప్పేది కాదు. తేడా ఒకటే. తీసుకోమన్న ఆ మాట నా నోట్లో నుంచి వచ్చిండేది కాదు.